ఇసుకలో విడిచిన గుడ్లు

వేదపాఠము: యోబు 39:13-17, ద్వితీయోపదేశకాండము 22:6, 7



నిప్పుకోడి తన గుడ్లను నేలమీద విడిచి పోవుననియు, ఎవరి పాదమైనను వాటిని త్రొక్కునేమోయని తలంచదనియు యోబు గ్రంథములో దేవుడు చెప్పుచున్నాడు. ఈ భాగము చదివి మనలో అనేకులము ఆ పక్షి అవివేకమును గూర్చి మాటలాడి ముగింతుము. అయితే ఆ గుడ్లు త్రొక్కబడకుండ చూడవలసినవారెవరు? దీనినే ఈ నెల పాఠముగా తీసికొనుచున్నాము.

పోదనూరులో నిప్పుకోడియు లేదు, సముద్రమును లేదు. అయినను నెల్లూరు, ఒంగోలు, కాకినాడ మొదలగు తెలుగు బాప్టిస్టు సంఘముల పాత కేంద్రములు తీరమునందో తీరమునకు సమీపముననో ఉన్నవి. ఆ తీరమంతటను సముద్రపు తాబేలు నిప్పుకోడివలెనే చేయును. రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనుక కాళ్ళతో మూరెడు లోతు గుంట త్రవ్వి, నూరు గుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి నీటిలోనికి పోవును. మరల వచ్చి చూడదు. సుమారు 50 దినములు ఇసుక వేడిమియే వాటిని పొదుగును. ఆ వేడి ఎక్కువైనయెడల ఆడపిల్లలు, తక్కువైనయెడల మగపిల్లలు ఎక్కువగా పుట్టును. సృష్టికర్త జ్ఞానమునకు ఇంతకంటె వేరే సాక్ష్యము వెదకనేల?

లోకములో సముద్రపు తాబేళ్ళు ఏడు జాతులు. లాగర్‌హెడ్ అను పెద్దతల తాబేలు ఒమాను దేశపు మసీరా దీవిలోను, అమెరికాలోని ఫ్లోరిడాలోను విస్తారముగా గుడ్లు పెట్టును. మన దేశపు ఒడ్డున బహు అరుదు. మన తీరమునకు వచ్చునది ముఖ్యముగా ఆలివ్ రిడ్లీ జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దానిని చంపుటయు, గుడ్లు తీయుటయు నేరము.

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రములో కలియుచోట ఇవి వేలకు వేలుగా ఒక్కసారే ఒడ్డెక్కును. శాస్త్రజ్ఞులు ఈ సంగతిని 1994లో లోకమునకు తెలియజేసిరి. 2025 ఫిబ్రవరిలో కొద్ది దినములలోనే 6 లక్షల 90 వేలకు పైగా తాబేళ్ళు అక్కడ గుడ్లు పెట్టినట్లు లెక్కించిరి. కొన్ని సంవత్సరములు గుంపుగా రానేరావు. ఆ ఒడ్డున పొడంపేట మొదలగు పల్లెలలో నివసించు జాలరులు మనవలెనే పరరాష్ట్రములో తెలుగు మాటలాడువారు. అక్కడివారు వారిని నోలియాలందురు. గుడ్లను కుక్కలు, నక్కలు త్రవ్వకుండ కాయుటలో అటవీశాఖవారితో ఈ పల్లెల యౌవనస్థులు పాలుపొందుచున్నారు. పిల్ల తాబేలు గుడ్డు నుండి బయటికి రాగానే వెలుగున్న వైపు నడచును. పూర్వము రాత్రివేళ సముద్రపు నీటి మెరుపే వెలుగు. ఇప్పుడు రోడ్డు దీపములను చూచి అటు పోయి చచ్చును. అందుచేత వీరు ఒడ్డు పొడవున వల అడ్డుకట్టి, పిల్లలను బక్కెట్లలోనికి ఎత్తి సముద్రములో విడుచుదురు. చేపలు పట్టు వలయే ఇక్కడ ప్రాణము కాపాడు వలయైనది.

ఇందులో కష్టమైన సంగతి ఒకటున్నది. నవంబరు 1 నుండి మే 31 వరకు ఆ నదీముఖము వెలుపల 20 కిలోమీటర్ల మేర చేపల వేట నిషేధము. ప్రభుత్వము కొంత సహాయధనము ఇచ్చుచున్నను, ఏడు నెలలు కుటుంబము గడచుట సులభమా? తాబేలు గాలి పీల్చు జంతువు. పెద్ద మరపడవల వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చచ్చును. 2025 జనవరిలో చెన్నై తీరమున వందలకొలది తాబేళ్ళ శవములు ఒడ్డుకు కొట్టుకొనివచ్చెను. నష్టము ఎక్కువగా చేయునది పెద్ద పడవ, ఆకలికి ఓర్చుకొనునది చిన్న జాలరి. జీతము, పింఛను పొందుచు ఇక్కడ కూర్చున్న మనము వారికి బోధింప బూనుట తగదని మా అభిప్రాయము.

మోషే ధర్మశాస్త్రములో పక్షిగూడు కనబడినవానికి ఇచ్చిన ఆజ్ఞను చూడుడి. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. దేవుడు ఆకలిగొన్నవానిని గద్దింపలేదు; రేపటి గూటిని మిగుల్చుమనెను. ఆజ్ఞ చిన్నదే, కాని తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞకు చేర్చిన దీర్ఘాయువు వాగ్దానమే దీనికిని చేర్చబడియున్నది.

మన యౌవనస్థులు సెలవులలో నాగపట్నము, రామేశ్వరము వైపు విహారయాత్రకు పోవుదురు. జనవరి మొదలు ఏప్రిల్ వరకు రాత్రివేళ ఒడ్డున టార్చిలైట్లు వేయవద్దు, మంటలు వేయవద్దు, ప్లాస్టిక్ సంచులు విడువవద్దు. ఒడ్డెక్కిన తాబేలు చుట్టు మూగి ఫోటోలు తీసినయెడల అది గుడ్లు పెట్టకయే తిరిగిపోవచ్చును. గూడు కనబడినచో చేయి పెట్టక అటవీశాఖవారికి తెలుపవలెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున మరపడవల వేట నిలిచియుండును. ఆ నిషేధము చేపల సంతానవృద్ధి నిమిత్తమే గాని, ఆ దినములలో చేప ధర పెరిగినదని మన యిండ్లలో సణుగుట వినబడుచుండును. అప్పుడు పడవ కట్టివేసి కూర్చున్నవాని యింట పొయ్యి ఎట్లు వెలుగుచున్నదో స్త్రీల సమాజమువారును యౌవనస్థుల కూడికవారును ఈ పాఠముతో కలిపి చర్చించి, ఆ కుటుంబముల కొరకు పేరుపేరున తీరప్రాంతములను జ్ఞాపకము చేసికొని ప్రార్థింప కోరుచున్నాము.