మంచు లెక్కలో ప్లస్, మైనస్

పితికిన పాలను ఎంత త్వరగా చల్లబరిస్తే అంత ఎక్కువసేపు నిలువ ఉంటాయని సభ్యులందరికీ తెలిసినదే. శీతలీకరణ యంత్రం లేని చోట, లేదా కరెంటు పోయిన పూట, క్యాను చుట్టూ మంచు వేయవలసి వస్తుంది. ఎంత మంచు కావాలి? లెక్క సులువే గాని, గుర్తుల దగ్గర పొరపాటు జరుగుతుంది.

ముందుగా ఒక మాట. మంచులోని చల్లదనం పాలలోకి పోదు. పాలలోని వేడి మంచులోకి పోతుంది. అందుచేత మూడు నియమాలు పాటించాలి.

1. ఉష్ణోగ్రతలో మార్పు కావాలంటే చివరి ఉష్ణోగ్రత నుండి మొదటి ఉష్ణోగ్రతను తీసివేయాలి.

2. వేడిని తీసుకున్న వస్తువుకు ప్లస్, విడిచిన వస్తువుకు మైనస్.

3. పాల లెక్కనూ మంచు లెక్కనూ కలిపితే, బయటి నుండి తొట్టిలోకి వచ్చిన వేడికి సమానం కావాలి.

ఉదాహరణ: 40 కిలోల పాలను 35 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 10 డిగ్రీలకు దించాలి. కిలో పాలు ఒక డిగ్రీ మారడానికి సుమారు 0.93 కిలో కేలరీలు పడుతుంది.

పాలు: 40 × 0.93 × (10 − 35) = −930

మంచు: సున్నా డిగ్రీల వద్ద కిలో మంచు కరగడానికి 80, ఆ నీరు 10 డిగ్రీలకు చేరడానికి 10, వెరసి కిలోకు +90

బయటి ఎండ, గాలి వల్ల తొట్టిలోకి 90 కిలో కేలరీలు వచ్చాయనుకుందాం. క్యాను లోహం విడిచే కొద్దిపాటి వేడిని ఇక్కడ వదిలేశాము.

−930 + (90 × మంచు) = +90

మంచు = 1020 ÷ 90 = సుమారు 11.3 కిలోలు

బయటి వేడిని పొరపాటున −90 అని వేస్తే 840 ÷ 90, అంటే 9.3 కిలోలే వస్తుంది. అంకె సరైనదిగానే కనిపిస్తుంది. కాని క్యానుకు 2 కిలోల మంచు తగ్గి, పాలు సుమారు 14 డిగ్రీల వద్దే ఆగిపోతాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు మరింత వేగంగా పెరుగుతాయి. పులిసిన ఆ క్యాను మిగతా పాలలో కలిస్తే నష్టం సంఘమంతటికీ.

దీనిని పట్టుకొనే ఉపాయం ఒకటి ఉంది. బయటి వేడిని సున్నాగా వేసి మరొకసారి లెక్క చేయండి. ఇక్కడ 930 ÷ 90 = 10.3 కిలోలు. ఎండ ఉన్నప్పుడు మంచు ఇంతకంటె ఎక్కువ కావాలి. తక్కువ వచ్చిందంటే గుర్తు తప్పినట్లే.

మంచును క్యాను చుట్టూ మాత్రమే వేయాలి, పాలలో వేయరాదు.

అభ్యాసం: 20 కిలోల పాలను 30 నుండి 10 డిగ్రీలకు దించాలి. బయటి వేడి 45 కిలో కేలరీలు. ఎంత మంచు కావాలి?

జవాబు: సుమారు 4.6 కిలోలు.