మట్టిని పట్టే గడ్డి – వట్టివేరు



ఎండాకాలం మన రామగుండం దిక్కు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కిటికీలకు కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడికలను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ వేళ్లు ఏ చెట్టువి అని అడిగితే మన క్లాసులో ఎవ్వరం చెప్పలేకపోయినం. అది చెట్టు కాదు, గడ్డి! వరి, జొన్న, వెదురు ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. ఒక్కసారి నాటితే ఏండ్ల తరబడి బతుకుతుంది. దీని శాస్త్రీయ నామం క్రైసోపోగాన్ జిజానియాయిడిస్.

మనకు దీనితో ఏం పని?

ఓపెన్ కాస్టులో బొగ్గు తియ్యాలంటే ముందు పైనున్న మట్టి, రాయి తీసి పక్కన పొయ్యాలి. అట్ల పోసినవే గోదావరిఖని చుట్టూ కనబడే మట్టి గుట్టలు. అడవిలో గుట్టను చెట్ల వేళ్లు పట్టుకొని ఉంటయి. కొత్తగా పోసిన గుట్టను పట్టుకునే వేరు ఉండదు. పెద్ద వాన పడితే నీళ్లు వాలును కోసుకుంటూ దిగుతయి. ఆ మట్టి వాగుల్లో, చేలల్లో మేట వేస్తుంది.

ఎట్ల పట్టుకుంటుంది?

చాలా గడ్డుల వేళ్లు పైపైన పక్కలకు పాకుతయి. వట్టివేరు మాత్రం నిట్టనిలువుగా దిగుతుంది. మంచి నేలలో 3 మీటర్ల దాకా పోతుంది. అంటే ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డంత లోతు! పైన దుబ్బులు ఒకదానికొకటి ఆనుకొని గోడలాగా తయారవుతయి. ఆ గోడ నీళ్లను ఆపదు, నెమ్మది చేస్తుంది. నీళ్లు సందుల్లోంచి పోతయి, మట్టి వెనుకనే ఆగుతుంది. మట్టి నిండిన కొద్దీ గడ్డి కూడా పైకి లేస్తుంది. కొన్నేండ్లకు అక్కడ మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టు మీద చెట్లు నాటుకోవచ్చు.

కర్ణాటకలో గుండ్లుపేట రైతులు ఎప్పటినుంచో ఈ గడ్డిని చేను గెట్ల మీద పెంచుతున్నారు. 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు దీని గురించి దేశదేశాలకు చెప్పారు.

నాటే విధానం:

1. దక్షిణాదిన పెంచే రకానికి మొలకెత్తే గింజ దాదాపు రాదు. అందుకే పొలాల్లో కలుపులాగా వ్యాపించదు. దుబ్బును చీల్చి పిలకలు నాటాలి.
2. ఆకును 20 సెంటీమీటర్లు, వేరును 10 సెంటీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరించాలి.
3. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో గీత గియ్యాలి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో మట్టం చూసుకోవచ్చు.
4. తొలకరి తర్వాత, 15 సెంటీమీటర్లకు ఒక చోట రెండు మూడు పిలకలు నాటాలి. మధ్యలో సందు వదిలితే నీళ్లన్నీ అక్కడికే వచ్చి గండి కొడతయి.
5. మొదటి ఏడు చచ్చినవాటి స్థానంలో కొత్తవి పెట్టాలి. ఈ గడ్డికి ఎండ కావాలి, నీడలో సరిగ్గా పెరగదు.

ఒక హెచ్చరిక!

ఈ వేళ్లకు ధర ఉంది. వీటినుంచి తీసే నూనె అత్తర్లలో వాడతారు. "అయితే తవ్వి అమ్ముకుందాం" అని అనిపిస్తుంది. కానీ వేరు తవ్వితే దాన్ని పట్టుకున్న మట్టి కూడా వదులవుతుంది. ఇండోనేషియాలోని జావా దీవిలో, హైతీ దేశంలో నూనె కోసం కొండవాలుల మీద వేళ్లు తవ్వినచోట మట్టి కొట్టుకుపోయింది. అంటే కాపాడే గడ్డే నష్టానికి కారణమైంది. తప్పు గడ్డిది కాదు, తవ్విన చోటుది.

కాబట్టి రెండు చోట్ల పెంచాలి. వాలు మీది వరుసను ఎప్పుడూ తవ్వకూడదు. దాని ఆకు మాత్రం కోసి మొక్కల మొదట్లో పరచవచ్చు, కప్పు వేసుకోవచ్చు. వేళ్లు కావాలంటే చదును నేలలో వేరే మడి వేసుకోవాలి. ఏడాదిన్నరకు వేళ్లు తవ్వుకోవచ్చు.

మన వంటగది వెనుక వాలు ప్రతి వానకు కోసుకుపోతున్నది కదా! అక్కడ 10 మీటర్ల వరుసకు సుమారు 67 చోట్ల నాటితే చాలు. వార్డెన్ సార్ పిలకలు తెప్పిస్తే ఒక్క ఆదివారం పని. మనం పరీక్షలు రాసి వెళ్లిపోతం. మన తర్వాత వచ్చే తమ్ముళ్ల కాళ్ల కింద మట్టి మాత్రం ఉంటది.

ఆలోచించండి!