సెల్ టవరు – తలనొప్పి – మన మెదడు



మన హాస్టలు ప్రహరీ గోడ వెనక ఉన్న సెల్ టవరు మీ అందరికీ తెలుసు. అది లేచినప్పటి నుండి మన గదుల్లో ఒకటే మాట. తల నొప్పి వస్తే టవరు వల్లే. లెక్కల్లో మార్కులు తగ్గినా టవరే, పద్యం మరచిపోయినా టవరే. మొదట్లో నవ్వుకున్నాము. కానీ సెలవులకు ఇంటికి వెళ్ళిన నా పక్క మంచం అమ్మాయి తిరిగి రాలేదు. టవరు దగ్గర పడుకుంటే బుర్ర చెడిపోతుంది, పిచ్చెక్కుతుంది అని వాళ్ళ ఊర్లో ఎవరో చెప్పారంట. వాళ్ళ అమ్మ పంపను అంటోంది. ఆ అమ్మాయి పేరు రాయను, మీకు తెలుసు కదా. అందుకే ఈసారి పాట రాయకుండా ఈ పాఠం రాస్తున్నాను. సైన్సు సార్ ని పదిసార్లు అడిగి, సార్ చూపించినవి చదివి రాసినది.

మొదట రేడియేషన్ అంటే ఏమిటో చూద్దాము. చలికాలం పొయ్యి ముందు కూర్చుంటాము. నిప్పును ముట్టుకోము, అయినా ఒంటికి వేడి తగులుతుంది. అది కూడా రేడియేషనే. ఎండ రేడియేషనే, టార్చిలైటు వెలుతురు కూడా రేడియేషనే. ఇవన్నీ విద్యుదయస్కాంత తరంగాలు. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది అన్నదే తేడా. రేడియో తరంగాలు అన్నిటికన్నా నెమ్మది. తరువాత నిప్పు వేడి, తరువాత కంటికి కనబడే వెలుతురు, ఆ పైన ఎక్స్‌రే.

సెల్ తరంగం సెకనుకు 90 కోట్ల సార్లు ఊగుతుంది (900 మెగాహెర్ట్జ్, ఇంకా ఎక్కువవి కూడా ఉన్నాయి). అమ్మో అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ కనబడే వెలుతురు సుమారు 5 కోట్ల కోట్ల సార్లు ఊగుతుంది. భాగించి చూడండి, 5 లక్షల రెట్లు దాటుతుంది. ఎంత వేగంగా ఊగితే దానిలో ఒక్కొక్క ముద్దకు అంత శక్తి. ఎక్స్‌రే ముద్ద మన కణంలోని అణువు నుండి ఎలక్ట్రాన్ ను ఊడగొట్టగలదు, అందుకే ఎక్స్‌రే తీసే గదిలో ఊరికే నిలబడనివ్వరు. రేడియో తరంగం ముద్దకు ఆ బలం లేదు. ఎన్ని వచ్చినా ఒక్క ఎలక్ట్రాన్ ను కూడా ఊడగొట్టలేవు.

మరి ఏమీ చేయదా? చేస్తుంది. వేడి చేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ లో అన్నం వేడి అయ్యేది ఇలాంటి తరంగంతోనే. కానీ దానిలో 700, 800 వాట్లు ఒక మూసిన పెట్టెలో తిరుగుతాయి. 4జి ఫోను గట్టిగా పనిచేసినప్పుడు కూడా 0.2 వాట్లే పంపుతుంది. మన వరండాలో ఎల్.ఇ.డి. బల్బు 9 వాట్లు. టవరు ఎక్కువే పంపుతుంది, కానీ టార్చి వేసినట్లు దూరంగా, ముందుకు వేస్తుంది. పైగా దూరం రెట్టింపు అయితే బలం నాలుగో వంతు అవుతుంది. మన దేశంలో 2012లో టవర్లకు ఉన్న హద్దును ఇతర దేశాలు చాలా వాటిలో పాటించే హద్దులో పదో వంతుకు తగ్గించారు. ఫోనుకు కూడా హద్దు ఉంది, కిలోకు 1.6 వాట్లు. స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ సంఖ్య కనబడుతుంది. సార్ ఫోనులో నేనే నొక్కి చూశాను.

ఇప్పుడు మెదడు సంగతి. అమెరికాలో నోరా వోల్కో అనే శాస్త్రవేత్త 2011లో ఒక పరిశోధన ప్రకటించారు. 47 మందికి చెవుల దగ్గర ఫోన్లు పెట్టి, ఒకటి 50 నిమిషాలు పనిచేసేలా ఉంచారు. ఫోను ఏంటెనాకు దగ్గరగా ఉన్న మెదడు భాగం గ్లూకోజును 7 శాతం ఎక్కువ వాడుకుంది. అంటే మెదడుకు అసలు ఏమీ తెలియదు అనడం తప్పు. కానీ అది హాని అని ఆమె చెప్పలేదు. మనం లెక్క చేస్తున్నప్పుడు కూడా మెదడు గ్లూకోజు వాడకం మారుతుంది కదా.

కేన్సరు గురించి కూడా చెప్పాలి, దాచకూడదు. 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కేన్సరు విభాగం ఈ తరంగాలను "కేన్సరు రావచ్చేమో" అనే వరుసలో పెట్టింది. అదే వరుసలో ఆసియా దేశాల్లో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి. తరువాత ఆ సంస్థే కొందరి చేత పాత పరిశోధనలు 63 కలిపి చూపించింది. 2024లో ఫలితం వచ్చింది. ఫోను వాడడానికీ మెదడు కేన్సరుకూ సంబంధం కనబడలేదు.

సరే, తలనొప్పి మాటేమిటి? ఇందుకు మేము క్లాసులో ఒక ప్రయోగం చేశాము. సార్ ఫోనును సుద్దముక్కల పెట్టెలో పెట్టారు. రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఫోను కాల్ లో ఉంచారు, బొరుసు పడితే ఫ్లైట్ మోడ్ లో పెట్టారు. మాకు చెప్పలేదు. 12 మంది ఒక్కొక్కరు అయిదు నిమిషాలు తల దగ్గర పెట్టె పెట్టుకుని కూర్చున్నాము. అయిదుగురు సరిగ్గా చెప్పారు, ఏడుగురు తప్పు. ముగ్గురికి తల నొప్పి వచ్చింది. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఫోను ఫ్లైట్ మోడ్ లోనే ఉంది. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేనే! సిగ్గేసింది. కానీ నాకు నిజంగానే నొప్పి వచ్చింది, నటించలేదు.

12 మందితో ఏమీ తేలదు అని సార్ అన్నారు. ఇలాంటివే 46 ప్రయోగాలు, 1175 మందితో విదేశాల్లో చేసినవి ఉన్నాయి. 2010లో వాటన్నిటినీ కలిపి చూశారు. వారంతా తరంగాలు మాకు పడవు అని చెప్పినవారే. తరంగం ఉన్నదీ లేనిదీ వాళ్ళు కనిపెట్టలేకపోయారు. ఉంది అనుకున్నప్పుడు మాత్రం నొప్పి వచ్చింది. భయం కూడా తల నొప్పి తెస్తుంది అన్నమాట. నొప్పి అబద్ధం కాదు, కారణం వేరు.

మన నొప్పులకు కారణాలు కొన్ని దొరికాయి కూడా. ఏ.ఎన్.ఎం. మేడం వచ్చి రక్తం చూస్తే మాలో చాలామందికి తక్కువ ఉంది. కళ్ళ డాక్టరు గారు వచ్చిన రోజు నలుగురికి అద్దాలు రాశారు. నా పక్క మంచం అమ్మాయి ఆ రోజు లేదు. తను నల్లబల్ల మీద అక్షరాలు కనబడక నా నోట్సు చూసి రాసుకునేది. ఇది మేము ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది.

ప్రవర్తన గురించి ఒక్క మాట. మా అన్నయ్య రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో గేము ఆడతాడు. తెల్లారి అందరి మీద అరుస్తాడు. చోడి అంబలి గిన్నె తోసేస్తాడు. రేడియేషన్ బుర్రకెక్కింది అంటుంది మా అమ్మ. నేను ఏమంటానంటే, ఫ్లైట్ మోడ్ లో పెట్టి ఆడినా అలాగే అరుస్తాడు. నిద్ర లేదు కదా. ఫోను వెలుతురు రాత్రిపూట కంటిలో పడితే నిద్ర తెచ్చే మెలటోనిన్ తగ్గుతుంది. తప్పు కనబడే వెలుతురుది, మేలుకున్నవాడిది.

ఇంకొకటి తెలిసి ఆశ్చర్యపోయాను. టవరు దూరమైతే ఫోను గట్టిగా పనిచేస్తుంది. కొండకు అటువైపు ఉన్న మనిషిని పిలవాలంటే కేక వేస్తాము, పక్కనే ఉంటే మెల్లగా మాట్లాడతాము. ఫోను కూడా అంతే. మా ఊర్లో సిగ్నలు లేదు. గుట్ట ఎక్కి, ఒక్క గీత వస్తే దానితోనే చెవికి ఆనించి అరగంట మాట్లాడతారు. హాస్టలు టవరు కన్నా ఆ గుట్ట మీద ఫోనే తలకు ఎక్కువ తరంగం ఇస్తుంది. అక్కడ స్పీకరు పెట్టి మాట్లాడితే మేలు. పోయిన వానాకాలం మా వదినకు నొప్పులు వచ్చినప్పుడు 108కి చెప్పడానికి మా అయ్య చీకట్లో ఆ గుట్టే ఎక్కాడు.

వచ్చే సంతకు ఆ అమ్మాయి వాళ్ళ అమ్మ పసుపు అమ్మడానికి వస్తుంది. వార్డెన్ మేడం గారు నన్ను వెళ్ళనిస్తానన్నారు. ఈ కాగితం ఆమెకు మా భాషలో చెప్పాలి. రేడియేషన్ కి మా భాషలో మాట లేదు. కనబడని వెలుతురు అని చెబుదామనుకుంటున్నాను. కళ్ళ డాక్టరు గారు మళ్ళీ ఎప్పుడు వస్తారో మేడం గారు తారీఖు చెబితే, అది కూడా చెప్పి వస్తాను.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని