అమ్మను సముద్రం కాడికి తోల్కపో

చెల్లె, అమ్మను డల్లాస్‌కు పిలిపించుకొని అటునుంచటే కరేబియన్ దీవికి తోల్కపోతనంటే నాకెంత సంబురమైందో! మన మెట్‌పల్లిల ఇన్నేండ్లు విమానం అంటే ఇంటి మొగోడు దుబాయికో మస్కట్‌కో పోవుడు, ఇంటామె బీడీల చాట ముందటేసుకొని ఫోన్ కోసం చూసుడు. బాపు గల్ఫ్‌ల ఉన్నన్ని రోజులు అమ్మ చేసింది గదే. ఉట్టిగ సంతోషానికి కూడ విమానం ఎక్కుతరని ఆమెకు తెల్వాలె. "గంత ఖర్చు దేనికి బిడ్డా" అంటది. అననియ్యి, నువ్వు మాత్రం ఎనుకకు తగ్గకు.

కాకపోతే నువ్వు పంపిన అరుబా రిసార్టు ఫొటోలు చూడంగనే నాకు నీ వీసా స్టాంపు యాదికొచ్చింది. అరుబా మంచిదే. వెనెజులా తీరానికి దగ్గర, తుఫాన్లు పోయే దారికి కింద ఉంటది. అమ్మ పాస్‌పోర్టుల అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్నది గనుక ఆమెకు అక్కడ వేరే వీసా అడగరు. చిక్కంత నీతోనే. నీ హెచ్1బీ స్టాంపు గడువు తీరింది. ఐ-797 అనుమతి కాగితంతోని అమెరికాల ఉద్యోగం నడుస్తది గని, అరుబా పోయినంక అదొక్కటే చూపెట్టి మళ్ల లోపలికి రాలేవు. కెనడాకో మెక్సికోకో నాలుగు రోజులు పోయొచ్చేటోళ్లకు ఒక సడలింపు ఉన్నది, హెచ్1బీ వాళ్లకు అది ఈ దీవుల కాడ పనిచెయ్యది. స్టాంపు కోసం నువ్వు ఆడ ఆగిపోతే, ఇంగ్లిష్ రాని అమ్మ ఒక్కతే డల్లాస్‌కు ఎట్ల తిరిగొస్తది?

అందుకే ప్యూర్టో రికో చూడుమంటున్న. అదీ కరేబియన్ దీవే, కని అమెరికా కిందనే ఉంటది. డల్లాస్ నుంచి శాన్ హువాన్‌కు నేరుగ విమానం, దేశం లోపల తిరిగినట్టే లెక్క, స్టాంపు గొడవ లేదు. పాస్‌పోర్టులు, కాగితాలు మాత్రం సంచిలనే ఉంచుకోండ్రి. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుల పండ్లు, మొక్కల కోసం సామాన్లు తనిఖీ చేస్తరు, అమ్మ ఏ గింజో మూటల కట్టుకున్నదేమో ముందే చూడు.

ఎప్పుడు పోవాలె అంటవా? ఆడ డిసెంబర్ నుంచి ఏప్రిల్ నడుమ దాక సీజన్, ధరలు మండుతయి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాక తుఫాన్ల కాలం. ఇక్కడనేమో ఫిబ్రవరి, మార్చిల పసుపు తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబోసుడు. ఆ పని ఇడిసిపెట్టి అమ్మ స్వర్గానికి రమ్మన్నా రాదు. పసుపు అమ్ముడుపోయినంక మే నెల అయితే ఆమెకూ కుదురుతది, రూముల ధరలూ దిగుతయి.

మే నెలల కూడ అమావాస్య దగ్గరపడ్డ రోజులు చూసుకో. అమావాస్య పూట పయనం అంటే అమ్మ ఒప్పుకోదని నాకు తెలుసు, రెండు రోజులు ముందే ఆడికి చేరండ్రి. ఆ దీవిల కొన్ని సముద్రపు కయ్యలున్నయి, నీళ్లల్ల కంటికి కానరాని జీవులుంటయి. చీకట్ల నీళ్లు కదిలిస్తే చాలు, నీలంగ వెలుగుతయి. వెన్నెల ఉంటే ఆ వెలుగు సరిగ కానరాదు. వియేకస్ దీవిల మస్కిటో బే వీటిల్ల అన్నిటికన్న పేరున్నది, కని ఆడ చిన్న పడవల కూసోని తెడ్డేసుకుంట పోవాలె. అమ్మ మోకాళ్లకు అది కాదు. నైరుతి దిక్కు లా పర్గేరాల మోటారు పడవ మీద తీస్కపోతరు, అది చూడు.

అన్నీ కలిపి పైసలు కట్టించుకునే రిసార్టు వద్దు చెల్లె. ఆ పైసల్ల సగం మందుకు, మాంసానికే పోతయి, అమ్మ రెండూ ముట్టదు. వంటింటితోని రూము తీసుకో, మామిడికాయ తొక్కు, బియ్యం ఉంటే ఆమెకు గదే రిసార్టు. బయట తినాల్సొస్తే మొఫోంగో అడుగు. పచ్చి అరటికాయ ముక్కలు నూనెల ఏంచి, ఎల్లిగడ్డ ఏసి రోట్ల దంచుతరు. రోటి చప్పుడు ఇంటే అమ్మ లేచి పోయి చూస్తది. పంది మాంసం కలపకుండ చెయ్యుమని గట్టిగ చెప్పు. అన్నంలకు చిక్కుడుగింజల కూర పెడుతరు, దాంట్ల కూడ మాంసం ఏస్తరు, అడిగినంకనే తినిపియ్యి.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ధర్మపురిల గోదావరి స్నానం చేసిన ధైర్యంతోని అమ్మ చీరతోనే సముద్రంల దిగుతది. శాన్ హువాన్‌ల కొండాడో దిక్కు అలలు గుంజుతయి, ఆడ వద్దు. ఎస్కాంబ్రోన్ బీచ్‌ల రాళ్లదిబ్బ అడ్డముండి నీళ్లు నెమ్మదిగ ఉంటయి. నేను మన ఖాదీ దుకాణం కాడ పల్చటి నూలు బట్ట తీసి పంజాబీ డ్రెస్సు కుట్టిస్త, నీళ్లల్ల చీరంత బరువు గాదు.

ఒడ్డున కూసున్నప్పుడు ఆమెకు ఇంకో ముచ్చట చెప్పు. 1840ల నుంచే మద్రాసు రేవుల ఓడలెక్కి ఈ కరేబియన్ దిక్కునే ఉన్న గయానా, ట్రినిడాడ్ చెరుకు తోటలకు కూలికి పోయినోళ్లల్ల తమిళులతోపాటు తెలుగోళ్లు కూడ ఉన్నరు. ఏండ్ల తరబడి ఒప్పందం, ఎనుకకు రానోళ్లే శానమంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోంగ చూసిన మనిషి, బాపు వీసా కాగితాలు పెట్టెల దాసిన మనిషి, ఆమెకు నువ్వు ఇంకేం ఇడమరిచి చెప్పక్కరలేదు.

బీపీ గోలీలు, డాక్టర్ చీటీ నేను సదురుత. ఆమె ఇన్సూరెన్సు ప్యూర్టో రికోల చెల్లుతదా కంపెనీని అడిగి చెప్పు. బాపుతోని నేను మాట్లాడిన, పసుపు పైసలు చేతికొచ్చే దాక ఆగుమన్నడు గని వద్దనలేదు. తేదీలు పంపు.