కడలి దాటిన వైద్యకైంకర్యము

శ్రీమద్రామాయణ యుద్ధకాండమున ఒక వైద్యయాత్ర కలదు. ఇంద్రజిత్తు ప్రయోగించిన బ్రహ్మాస్త్రమునకు రామలక్ష్మణులును వానరసేనయు లంకాభూమిపై మూర్ఛిల్లి యుండగా, బాణములు నాటి కన్నులు కానరాక పడియున్న జాంబవంతుడు హనుమంతుని పిలిచి, హిమవత్పర్వతమునకు పోయి ఓషధులు తెమ్మని ఆదేశించెను. ప్రాణము నిలుపు మృతసంజీవని, నాటిన ములుకులను వెలికితీయు విశల్యకరణి, మేనికి వెనుకటి వన్నెనిచ్చు సావర్ణ్యకరణి, తెగిన అంగముల నతుకు సంధానకరణి అని నాలుగింటి పేర్లను తెలిపెను. హనుమ కడలి దాటి పోయెను. ఓషధులు కంటబడకపోగా శిఖరమునే పెకలించి తెచ్చెను. కార్యము నెరవేరిన పిమ్మట దానిని మరల యథాస్థానమున నుంచి వచ్చెను.

అటుపిమ్మట లక్ష్మణస్వామి రావణుని శక్తిచే నేలకొరిగినపుడును తెచ్చినవాడు హనుమయే. కాని ఓషధిని నూరి ప్రయోగించినవాడు దాని గుణమెరిగిన సుషేణుడు. తెలిసినవారి మాట వినుట, అవసరమైనదానిని తెచ్చుట, తన పరిధిని మీరకుండుట, పని తీరిన వెనుక దేనిని తనదిగా నిలుపుకొనకుండుట: పరదేశమునకు వైద్యసేవకై పోవువారికి కావలసిన నాలుగు గుణములు ఈ కథలోనే యున్నవి.

శ్రీవైష్ణవ సంప్రదాయమున సేవను కైంకర్యమందురు. చేయువాని ముచ్చట తీరుట కైంకర్యము కాదు. సేవింపబడువాని ఇచ్ఛ ననుసరించుటయే కైంకర్యము. పంచవటిలో పర్ణశాలకు తగిన చోటు చూడుమని శ్రీరాముడు చెప్పగా, తాను పరతంత్రుడననియు, చోటు ప్రభువే నిర్ణయించి ఆజ్ఞాపింపవలెననియు లక్ష్మణుడు విన్నవించెను. రోగి విషయమున ఆ ప్రభుత్వము రోగి అవసరమునకే చెందును. వైద్యుడు ఎంత దూరమునుండి వచ్చినను అతని స్థానము లక్ష్మణుని స్థానమే.

ఆలయమునకు వైద్యము క్రొత్త కాదు. కాంచీపుర ప్రాంతమున తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయములో 11వ శతాబ్దపు వీరరాజేంద్రచోళుని శాసనము కలదు. ఆలయమునకు అనుబంధముగా 15 పడకల ఆతురశాల యుండెననియు, అందు ఒక వైద్యుడు, ఒక శస్త్రచికిత్సకుడు, మూలికలు తెచ్చుటకు ఇద్దరు, రోగులకు ఉపచారము చేయుటకు ఇద్దరు స్త్రీలు నియమింపబడిరనియు అది తెలుపుచున్నది. నిల్వయుంచవలసిన మందుల పేర్లును అందు చెక్కబడియున్నవి. భక్తి యనగా పడకల సంఖ్యయు, మందుల లెక్కయు కూడ నని నాటివారెరుగుదురు.

కడప జిల్లాలో పెన్నా తీరముననున్న జమ్మలమడుగునకు ఈ సేవ కడలి దాటి వచ్చెను. 1795లో ఇంగ్లండున ఏర్పడిన లండన్ మిషనరీ సంఘము పక్షమున వచ్చిన డాక్టరు కాంప్‌బెల్ 19వ శతాబ్దము ముగియుచున్న కాలమున అచ్చట వైద్యము ప్రారంభించెను. ఆయన పేరనే ఆ ఆసుపత్రి నిలిచియున్నది. తమ మతమును ప్రచారము చేయుటయు ఆ సంఘము ఉద్దేశములలో ఒకటి యనుట దాచవలసిన విషయము కాదు. అయినను నొప్పితో వచ్చినవానికి నొప్పి తగ్గించుటయే వైద్యుని ధర్మము. అన్యులు చేసిన మేలును మేలని చెప్పుట వైష్ణవలక్షణము. ఆర్తుని నిస్సహాయతను మతమునకు మెట్టుగా చేసికొనరాదనుట ఎల్లరకును వర్తించు నియమము. నామము ధరించి సేవకు పోవువారికిని ఇది తప్పదు.

ఆ విత్తనము ఇచ్చటి నేలలోనే వేరూనినది. ఆ ఆసుపత్రిలో కొంతకాలము వైద్యాధికారిగా పనిచేసిన డాక్టరు వై.యస్. రాజశేఖరరెడ్డి, 1973లో పులివెందులలో తమ తండ్రి రాజారెడ్డి పేర 70 పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పిరి. పరదేశీయుడు ఆరంభించిన పని స్వదేశీయుల చేతికి వచ్చినపుడే అది స్థిరమగును.

నేడు మన గృహములలోని వైద్యులు విదేశములకు పోవుచున్నారు. అచ్చట స్థిరపడినవారు సెలవులలో వచ్చి ఉచిత శిబిరములు నడుపుచున్నారు. సంకల్పము పవిత్రమే. దానికి విధియు కలదు. విదేశ పౌరుడైన వైద్యుడు మన దేశమున చికిత్స చేయుటకు జాతీయ వైద్య కమీషను వద్ద తాత్కాలిక నమోదు పొందవలెను. మనవారు పరదేశమునకు పోయినపుడు అచ్చటి చట్టమును అట్లే పాటింపవలెను. దానముగా పంపు మందులకు, చేరునాటికి కనీసము ఒక సంవత్సరము గడువు మిగిలియుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. గడువు తీరవచ్చిన మాత్రలను పేదలకిచ్చుట, వాడిన పూలను స్వామికి సమర్పించుట వంటిది.

మధుమేహము, రక్తపుపోటు పది దినముల మాత్రలతో తీరునవి కావు. శిబిరము ముగిసిన మరునాడు రోగి ఎవరి వద్దకు పోవలెను? ఈ ప్రశ్నకు సమాధానము ముందుగానే సిద్ధపరుపవలెను. ప్రొద్దుటూరు ప్రాంతమున శిబిరము జరుపువారు అచ్చటి ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి వైద్యులతో ముందుగా మాటలాడి, ఏ మందు ఎంతకాలమో తెలుగులో వ్రాసిన చీటిని రోగి చేతికీయవలెను. శస్త్రచికిత్స చేసినచో కుట్లు విప్పువరకు, పుండు మానువరకు చూచువారిని నియమించియే కదలవలెను. వైద్యము తెలియని భక్తులు పేర్లు నమోదు చేయుట, వృద్ధులను నడిపించుట, భాష తెలియని వైద్యునకు రోగి మాట విప్పి చెప్పుట వంటి పనులు చేయవచ్చును. భక్తి యున్నంతమాత్రమున సూది పట్టరాదు. సుషేణుని పని హనుమయే చేయలేదు గదా!

సేవించి వచ్చినవాడు ఎందరికి మందిచ్చితినని లెక్కించుటకన్న, తాను వచ్చిన తరువాత అచ్చట ఎందరికి చికిత్స కొనసాగుచున్నదని విచారించుట మేలు. శిఖరమును తిరిగి దాని చోట నిలిపినపుడే హనుమ యాత్ర పూర్తియైనది. ఆ వినయము మన వైద్యకైంకర్యమునకు కూడ అలవడునట్లు శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక!