ఉన్ని మళ్లీ ఎప్పుడొస్తది?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కురుమలు నల్లని దక్కని గొర్రెలు సాదుతారు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఆ ఉన్నితోనే గొంగడి నేస్తారు. ఇప్పుడు ఉన్ని లేని నెల్లూరు గొర్రెలే ఎక్కువైనాయి.

ఒక గొర్రెకు ఉన్ని తొందరగా రాలేదు.

"తాతా, వేరు తెగిందా?" అని మనుమడు అడిగిండు.

"వేరు తోలు లోపల ఉంటది బిడ్డా. కత్తెర దానికి అందదు. మేత మంచిగుంటేనే ఉన్ని పెరుగుతది. ఎండకాలంల మేతేది? తిన్నది పాణానికే సరిపాయె. కడుపుల పురుగులున్నా, గజ్జి పట్టినా గింతే. పశువుల దవాఖానల చూపిద్దాం."

తాత తోలు తడిమిండు. చేతికి గాటు తగిలింది.

"తోలుకు ఆనించి కత్తిరించినవు. ఈగలు వాలితే పుండుల పురుగులు పడతయి. కొంచెం ఉన్ని ఉంచాలె. లేకుంటే ఎండకు తోలు మాడుతది, వానకు గొర్రె వణుకుతది."

తాత గాటుకు వేపనూనె రాసిండు. మనుమడు గొర్రెను నీడకు తోలిండు.

మీ ఊర్లో ఉన్ని గొర్రెలు ఎన్ని ఉన్నాయి?