నాడి చెప్పదు, రక్తపరీక్షే చెబుతుంది

కారమడై చుట్టుపక్కల యువకులు కొందరు దవాఖానా తలుపు దగ్గరగా వేసి, "హకీం సాబ్, తప్పు జరిగింది. రక్తశుద్ధికి మందివ్వండి" అంటారు. మందిచ్చి పంపితే తప్పు నాదవుతుంది. హెచ్.ఐ.వి. నబ్జ్‌కు అందదు, ముసఫ్ఫీ మందులకు పోదు.

కండోం లేని కలయిక ఒక్కసారైనా సోకవచ్చు, సోకకపోనూవచ్చు. కలిసి భోంచేస్తే, దోమ కుడితే రాదు.

జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే కోయంబత్తూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లండి. 28 రోజుల నివారణ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

మరునాటి పరీక్షలో 'లేదు' అని వస్తే నిశ్చింత పడకండి. సోకినా పరీక్షకు దొరకడానికి వారాలు పడుతుంది. మూడు నెలలకు మళ్లీ చేయించాలి. నివారణ మందు వాడినవారు డాక్టరు చెప్పిన తేదీలకు వెళ్లాలి. అంతవరకు భార్యతో కండోం తప్పనిసరి, రక్తదానం వద్దు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం దేశంలో తొలి కేసులు గుర్తించిన నాటికి మందు లేదు. నేడు క్రమంగా మందు వాడి, పరీక్షకు దొరకనంతగా వైరస్ తగ్గినవారి నుంచి కలయికలో ఇతరులకు సోకదు.

ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం. 2017 చట్టం ప్రకారం వివరాలు గోప్యం. సందేహముంటే 1097కు ఫోన్ చేయండి.

సిగ్గుపడి దాచితే నష్టపోయేది ఏమీ ఎరుగని ఇల్లాలు.